నిమ్మాకు లోపలి దారి

నా చిన్ననాటి పక్కింటి అక్క పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా కోడలు. అనపకాయలు ఒలుస్తున్నదాన్ని, అలాగే ఒలుస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

నా చిన్నప్పుడు, మా అమ్మ జ్వరంతో పోయిన ఏడాదీ ఇలాగే ఉండేదాన్ని. యలహంకలో మా ఇంటి వెనక అమ్మ నాటిన నిమ్మమొక్కకు రోజూ నీళ్లు పోసేది నేనే. వానలకు అది చిగురు వేసింది. ఆ లేతాకుల నిండా వెండిరంగు గీతలు మెలికలు తిరిగి కనబడ్డాయి. మా అవ్వ చూసి లెంపలు వేసుకుంది. పాము పాకిన జాడట, నాగదోషమట, అమ్మను తీసుకుపోయిందీ అదేనట. మొక్కను పీకేస్తానంది. నేను వద్దనలేదు. నేను నీళ్లు పోసి పెంచిన దోషమే అమ్మను తీసుకుపోయిందనుకుని, మెట్టు మీద కూర్చుండిపోయాను.

పూలమొక్కల నర్సరీలో పనిచేసే పక్కింటి అక్క గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమవ్వా, ఆకులోపల దూరేంత సన్న పామా? నాకూ ఒగటి చూపించు!"

"ఎగతాళి చేయొద్దే. దేవుని కోపం ఉండాది దానిమీద."

అక్క లోపలికి వచ్చి, ఒక ఆకు తుంచి, నా ముందు ఎండకు ఎత్తి పట్టింది. గీత మొదట్లో వెంట్రుకంత సన్నం. పోనుపోను వెడల్పు. లోపల పురుగు తింటూ పెరిగేకొద్దీ దాని దారీ పెరిగిందట. నడుమ నల్లగా ఉన్నది దాని పెంట. చివర ఆకు అంచు మడిచి ఉంటే, గోటితో విప్పి లోపలి గూడు చూపించింది. తర్వాత టమాటా ఆకు తెచ్చింది. దాని మీదా తెల్లగీతలే, అంచు మాత్రం మడవలేదు.

"ఇది ఈగ పిల్ల పాపా, నిమ్మలోది దీపం కాడ తిరిగే చిన్న రెక్కలపురుగు పిల్ల. దాని చెట్టు దానిది. ముందు చెట్టేదో చూడు, పురుగేదో అదే చెప్తాది."

"అయితే అమ్మ?" అన్నాను.

"అమ్మది జ్వరం. దానికి చెట్టుతోనూ, నీతోనూ ఏ సంబంధమూ లేదు."

ఆపైన అవ్వ వైపు తిరిగింది. "పాలు నాగరకల్లుకు, ఆ పాము రాతికి పొయ్యవ్వా, నీళ్లు చెట్టుకు పొయ్యి. గీతల చిగుళ్లు నేను గిల్లేస్తా."

"గిల్లుకో. కోపమొస్తే నీమీదికే రానీ!" అంది అవ్వ, కాస్త మెత్తబడి.

ఆ రోజూ నాకు ఏడుపు రాలేదు. కానీ మధ్యాహ్నం అన్నం తిన్నాను. అంతకు ముందు ఎన్నాళ్లుగా సరిగ్గా తినలేదో అవ్వకే తెలుసు.

బడికి పోని నాకు అక్షరాలు అవ్వ ఇచ్చింది. చూపు మాత్రం ఆ అక్క ఇచ్చింది. ఇప్పటికీ ఎవరి మీదనైనా నింద వేయబోతే, ముందు వెలుగుకు పట్టి చూడాలనిపిస్తుంది. అటువంటి మనిషి గోడకు అవతలే ఉండేలా చేసిన స్వామికి దండాలు. రేపు దీపం పెట్టేటప్పుడు మీరూ ఆమెను ఒక్కసారి తలుచుకోండి.