కూర్మారావు బావ సరిచేసిన రెగ్యులేటర్

నిన్న పొద్దున టీ పెట్టుకుంటుంటే శ్రీకూర్మం నుంచి ఫోన్.

కూర్మారావు బావ ఇక లేడు.

స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయాను. ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు.

శ్రీకాకుళం సముద్రంలో మేం స్కూబా డైవింగ్ చేశామంటే ఇప్పుడెవరూ నమ్మరు. నిజమేనని చెప్పడానికి ఒక్కడుండేవాడు. ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను.

వరసకి బావేం కాదు. ఒకే పడవలో పనిచేశాం, ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం అలా కుదిరిపోయింది.

అరవైల చివర్లో కళింగపట్నం దగ్గర మునిగిన లాంచీ ఇనుము తీయడానికి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. ఈత వచ్చినవాళ్లని చేర్చుకుని డైవింగ్ నేర్పించాడు. నేను భోగాపురం అలల్లో పెరిగినవాణ్ణి. బావ వాళ్లది గుడిలో సన్నాయి వాయించే కుటుంబం. ఊపిరి బిగబట్టడంలో మొనగాడని తీసుకున్నారు.

సిలిండర్‌లో గాలిని నోటికి అందించేది రెగ్యులేటర్. పీల్చినప్పుడే గాలి రావాలి. మాకిచ్చినవి పాతవి, పీల్చకపోయినా బుస్సుమని కారిపోయేవి. పనిలోకి దిగేలోపే బోలెడు గాలి దండగ.

లోపల స్ప్రింగుకి చిన్న నట్టు ఉండేది. బిగిస్తే కారడం ఆగుతుంది. మరీ బిగిస్తే పీల్చినా గాలి రాదు.

ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో బావకి చెవితో తెలిసేది. బక్కెట్ నీళ్లలో ముంచి, తల వంచి వినేవాడు. సన్నాయి పీక సరిచేసినట్టే కొంచెం తిప్పడం, నోట్లో పెట్టుకుని చూడడం. మనిషిని బట్టి సెట్టింగ్ మార్చేవాడు.

"నీది బెదురు ఊపిరి బావా. నీకు కాస్త వదులుగానే ఉంచినాను. కొంచెం కారితే కారనీ, నువ్వు సెయ్యెట్టకు," అనేవాడు.

ఒకరోజు దిగబోతుంటే నాది బుస్సుమంది. పడవలో అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది, గాలి అయిపోతుందని భయమూ వేసింది. బావ అటు తిరిగి బెల్టు కట్టుకుంటున్నాడు. అందరికీ వీపు తిప్పి గబగబా మూత విప్పి, ఆయన స్పానర్‌తోనే నట్టు సగం చుట్టు బిగించేశాను.

బుస్సు ఆగింది. గొప్ప పని చేశాననుకున్నాను.

పైన గట్టిగా లాగితే గాలి వచ్చింది గానీ, అడుగుకి వెళ్లాక గుక్క అందలేదు. ఎంత లాగినా రాదు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాను. బావ తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టాడు. నాకు రెండు గుక్కలు, తనకి రెండు. అలా మార్చుకుంటూ పైకి తెచ్చాడు.

కాంట్రాక్టర్ విప్పి చూస్తే నట్టు మరీ బిగిసి ఉంది. సన్నాయి ఊదేవాడికి మిషన్ అప్పజెప్పడం తనదే బుద్ధితక్కువ అన్నాడు. బావని రేపట్నుంచి రావద్దన్నాడు.

బావ ఆ రెగ్యులేటర్ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేనే ఎక్కువ బిగించీసినానేటి బావా?" అన్నాడు.

నన్నే అడిగాడు. నేను దగ్గుతూ తల దించుకున్నాను.

ఆ తర్వాత రెగ్యులేటర్లు చూసుకునే పని నాకే ఇచ్చారు.

బావ మళ్లీ గుడి సన్నాయికి వెళ్లిపోయాడు. పండగ వస్తే ఫోన్ చేసేవాడు. చెప్పేద్దామని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. వచ్చేసారి చూద్దాం అని మింగేసేవాణ్ణి.

నిన్న ఫోన్ చేసింది బావ కూతురు. ఏడుస్తూ ఒక మాట చెప్పింది.

"నాన్న ఇంట్లో గేస్ రెగ్యులేటర్ కూడా ముట్టీవోడు కాదు మావయ్యా. నా సేత్తో ఒక మనిసి పేణం పోబోయింది, ఈ సెయ్యిని నమ్మనమ్మా అనీవోడు."

యాభై ఏళ్లకి పైగా నా తప్పు ఆయన మోశాడు. అది విన్నాక కూడా ఫోన్‌లో ఆ అమ్మాయికి నిజం చెప్పలేదు.

అమ్మాయ్, అందుకే ఇక్కడ మన గ్రూపులో రాస్తున్నాను. మన వాళ్లందరూ చదవాలి. మీ నాన్న సెట్టింగ్ సరిగ్గానే ఉంది. నట్టు తిప్పింది నేను.

ఆయన చెయ్యి తప్పలేదు. ఆ చేత్తోనే నన్ను బతికించాడు.

బావా, నువ్వుండగా చెప్పలేకపోయాను. వెళ్లిరా. ఎక్కడున్నా నీ మనసుకి ఇకనైనా నెమ్మది దొరకాలి.