పడవ నిలిపే చోటు అన్న గడి

కిందటేడు వానలు తగ్గాక ఒక ఉదయం, మా చిన్నమామ ఎప్పటిలా తన పడవను ఇసుక మీదికి లాగుతుంటే పక్క రిసార్టు మేనేజరు వచ్చి, ఇకనుంచి ఇక్కడ పెట్టకూడదన్నాడు. గొంతు పెంచలేదు. పడవ కాగితాలు మాత్రం చూపించమన్నాడు. మామ ఇంట్లోకి వెళ్లి, ప్లాస్టిక్ కవరులోంచి రిజిస్ట్రేషన్ కాగితం తీసి ధీమాగానే ఇచ్చాడు. మేనేజరు అందులో ఒక గడి మీద వేలు పెట్టాడు.

“కాకా, యే తో పోర్ట్‌బ్లెయిర్ కా హై,” ఇది పోర్ట్‌బ్లెయిర్‌ది కదా అన్నాడు.

పడవ నిలిపే చోటు అన్న ఆ గడిలో పోర్ట్‌బ్లెయిర్ జెట్టీ పేరు ఉంది. మామకు ఇంగ్లీషు చదవడం రాదు. చుట్టపుచూపుగా వచ్చి పక్కనే ఉన్న నా వైపు చూశాడు. ఆ ఫారం నింపింది నేనే.

మా వాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. మేం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండిపోయాం. మామ చేపల కోసం, ఓడలో రెండు గంటల దూరాన ఉన్న ఈ దీవికి మారాడు. అప్పట్లో ఇక్కడ ఒక జెట్టీ, రెండు టీకొట్లు, పోకతోటలు ఉండేవి. మొదటి రిసార్టు అంటే మామ ఇంటి పక్కన పది వెదురు గుడిసెలే. నేను పనిచేసే పేపర్లో ఆ వార్త రాసిందీ, ఫొటో తీసిందీ నేనే. తర్వాత గుడిసెల చోట అద్దాల గదులు వచ్చాయి. సముద్రానికి ఎదురుగా ఈతకొలను తవ్వడం చూసి అత్త చాలా రోజులు నవ్వుకుంది. ఆ రిసార్టు వంటగదికి వంజరం చేపలు ఇచ్చేది మామే. ఇప్పటికీ ఇస్తున్నాడు.

ఫారం సంగతి ఈ మార్పుల మధ్యలో ఎప్పుడో జరిగింది. పడవ కాగితాల పని మీద మామ పోర్ట్‌బ్లెయిర్‌లో, డెలానీపూర్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఆ గడి దగ్గర ఆగి, ఏం రాయమంటావని అడిగాను. “ఏటి రాత్తావు? ఇంటికాడే గదా ఉంటాది,” అన్నాడు. మా వాళ్లకు పడవ నిలిపే చోటంటే ఇంటి ముందు ఇసుకే. దానికి వేరే పేరు పెట్టుకోరు. పేరు లేని చోటు రాస్తే ఫారం తిరిగొస్తుందని మా ఊరి జెట్టీ పేరు రాసేశాను. పని రెండు రోజుల్లో అయిపోయింది. మామ మెచ్చుకున్నాడు కూడా.

మేనేజరు వెళ్లిపోయాక అత్త చేటలో ఎండుచేపలు తిరగేస్తూ అంది: “చేపయితే ఆళ్ల వంటింట్లోకి రావొచ్చు, పడవే రాకూడదంట. ఏం అల్లుడూ, డెలానీపూర్‌లో మీ వీధిలో కట్టుకోమంటావేటి?”

“ఊరుకోవే, ఆడేం కావాలని రాశాడా?” అన్నాడు మామ. ఆ మాట నాకు అత్త మాటకంటే గట్టిగా తగిలింది.

గడి దిద్దమని దరఖాస్తు రాసి, పడవల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. క్లర్కు మర్యాదగానే మాట్లాడాడు. రిసార్టు రాకముందు నుంచీ పడవ అక్కడే ఉండేదని ఏదైనా రుజువు కావాలన్నాడు. నా పాత ఫొటో గుర్తొచ్చి, ఇంటికొచ్చి పెట్టెలోంచి ఆ పేపరు కత్తిరింపు తీశాను. వెదురు గుడిసెలు, కొబ్బరిచెట్లు, వెనక నీళ్లు. పడవ లేదు. ఫొటోకు అడ్డంగా ఉందని, కాస్త పక్కకు లాగమని ఆ రోజు మామకు చెప్పింది నేనే. ఎండుచేపల చాపలు కూడా తీయించాను.

పడవ మొదటినుంచీ అక్కడే ఉండేదని రాసి, పాత ఇరుగుపొరుగు వాళ్లిద్దరి చేత సంతకాలు పెట్టించి ఆ కాగితాలే ఇచ్చాను. అవి చాలుతాయో లేదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పడవ ప్రస్తుతం దీవి జెట్టీ పక్కన రాళ్ల దగ్గర కట్టి ఉంది. గడిలో పోర్ట్‌బ్లెయిర్ అనే ఉంది.