రేవులో ఆర్చి, అత్త ఒళ్లో లేసు

నరసాపురం దగ్గర మా ఊళ్లో లేసు అల్లే మా మేనత్తకి చేతిలో సూది లేకపోతే మాట రాదు. ఎవరితో పోట్లాడినా అల్లుతూనే పోట్లాడేది.

గోదావరి దాటించే పంటు రేవులో పెద్ద స్వాగత ఆర్చి కడతామని పంచాయతీలో మీటింగ్ పెట్టిన రోజు నేనూ ఆవిడ పక్కనే ఉన్నాను. అత్త లేచింది.

"రేవుకి దారి మాకు తెలుసండి. పంటు కోసం ఎండలో నిలబడలేక చస్తున్నాం. మా పన్నుల డబ్బుతో షెడ్డు వెయ్యండి, చాలు."

"పునాది తీసేశామమ్మా. ఇప్పుడు ఆపితే పెట్టిన ఖర్చంతా దండగ," అన్నాడు ఆఫీసరు.

అత్త చేతిలో అల్లుతున్న లేసు టేబుల్ క్లాత్ కొసదారం పట్టుకుని లాగింది. వరస మీద వరస ఊడిపోతుంటే హాలంతా లేచి నిలబడింది.

"తప్పుగా అల్లానండి, విప్పేశాను. దారం ఎక్కడికీ పోలేదు. మీ పునాది మీదే షెడ్డు లేపండి."

వెనకనుంచి చేపలమ్మే ఆడవాళ్లు "షెడ్డే, షెడ్డే" అని అందుకున్నారు. ఆఫీసరు బల్ల మీద పరిచిన ఆర్చి బొమ్మ మడిచేశాడు.

ఇంటికొస్తూ సంతోషం పట్టలేక అడిగాను. "ఎక్కడ తప్పొచ్చింది అత్తా?"

"తప్పేంటే, చక్కగా వచ్చింది. రేపు ఇచ్చెయ్యాల్సిన పని," అంటూ అత్త నడుస్తూనే మళ్లీ మొదటి ముడి వేసింది.