ఇంటి కోసం పుట్టిన తమ్ముడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి సంతోష్‌నగర్‌లో అద్దె ఇల్లు వెతికి ఉండడు. వెతికి ఉంటే ఆ సామెతలో ఇంకో ముక్క చేరేది. మేముంటున్న పాత ఇంటిని కూలగొట్టి ఫ్లాట్లు కడతానని ఓనరు మాకు రెండు నెలల గడువిచ్చాడు. నేను పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌ని. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ, మొత్తం ఐదుగురం. నా జీతానికి అందే ఇంటి కోసం, సెలవు దొరికిన ప్రతి పూటా అమ్మను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని టైర్లరిగేలా తిరిగాను. టులెట్ బోర్డు కనబడితే చాలు, నాకంటే ముందు అమ్మే దిగేది.

ప్రతి తలుపు దగ్గరా ఒకటే ప్రశ్న, ఎంతమంది అని. ఐదుగురమనగానే నీళ్ళ సంగతి మొదలయ్యేది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ట్యాంకు చిన్నది, నలుగురైతే చూద్దాం అనేవారు. ఆరు ఇళ్ళు అలాగే పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయేది. నలుగురికి సరిపోయే నీళ్ళు ఐదో మనిషికి చాలవా? అమ్మకు మాత్రం కోపం రాలేదు. గడువు ఇంకా పది రోజులే ఉందనగా, ఏడో ఇంటికి పోతున్న దారిలో స్కూటర్ మీదే చెప్పింది.

"నలుగురమనే చెప్పు కొడుకా. అమ్మ ఊకె చూడనీకి వచ్చింది, తమ్ముని దగ్గర ఉంటది అను."

నాకు తమ్ముడు లేడు. అమ్మకు నేనొక్కణ్ణే.

ఏడో ఇంట్లో పైన రెండు గదులు, ఒక చిన్న వంటిల్లు. కింద ఒంటరిగా ఉండే ఇంటామెను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. "గీమె ఎవరు?" అని ఆమె అడిగితే, "మా అమ్మ, ఖాలా. తమ్ముని దగ్గర ఉంటది" అన్నాను. నా నోరు తడబడింది. అమ్మ తడబడలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, అమ్మ అతికించి, పైన మెరుగు కూడా పెట్టింది. అక్కడికక్కడే తమ్ముడికి గుడిమల్కాపూర్‌లో ఒక ఇల్లు, మార్కెట్లో పూల దుకాణం, బంగారం లాంటి పెళ్ళాం ఇచ్చేసింది. ఇల్లు కుదిరింది. బయటికొచ్చాక "పూల దుకాణం ఎందుకమ్మా?" అని అడిగాను. "ఉట్టిగ తిరిగేటోడు నా కొడుకెట్లైతడు?" అంది.

చేరిన వారానికల్లా అమ్మా ఖాలా ఒక్కటైపోయారు. తెలుగూ ఉర్దూ కలగలిపి మాట్లాడుకుంటూ, మెట్ల కింద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకునేవారు. ఆ కబుర్లలో తమ్ముడు రోజురోజుకూ మంచివాడయ్యాడు. నా గురించి అమ్మ ఎన్నడూ అంత గొప్పగా చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది.

పదిహేను రోజులకు ఖాలా మామూలుగానే అడిగింది. "చిన్నోని దగ్గరికి ఎప్పుడు పోతవ్, బెహన్?"

మర్నాడే అమ్మ సంచిలో ఒక చీర పెట్టుకుని బయల్దేరింది. మాతో మాత్రం పాత గల్లీ వాళ్ళను చూసొస్తానంది. సాయంత్రం నాలుగు గులాబీలు తెచ్చి, చిన్నోడు పంపిండని ఖాలాకు ఇచ్చింది. దారిలో కొని ఉంటుందనుకున్నాం. ఆ తర్వాత వారానికి రెండుసార్లు అలాగే వెళ్ళొచ్చేది.

ఒకనాడు మా దుకాణం సేఠ్ ఇంట్లో పెళ్ళికి పూలు తెమ్మని నన్ను గుడిమల్కాపూర్ పంపారు. అక్కడ బంతిపూల రాశుల మధ్య, పూలమ్మే ఒకామె పక్కన, గోనెసంచి మీద కూర్చుని అమ్మ దండ కడుతోంది. చీర సంచి ఒళ్ళో ఉంది. పాత గల్లీకి పోతున్నానన్నావు కదా అంటే తలెత్తలేదు.

"గల్లీ ఇంకెక్కడిది కొడుకా? మన ఇల్లు కూలగొట్టిండ్రు. సాయంత్రం దాక యాడనో ఒకాడ కూసోవాలె గద. ఈడ నీడ మంచిగుంటది."

నా ప్రాణం చివుక్కుమంది. ఇల్లు దొరికిందని నేను సంబరపడుతున్నాను గానీ, దొరికింది నలుగురికే. అమ్మకు ఇంకా దొరకలేదు.

సేఠ్ ఇంట్లో పూలు దించి, మళ్ళీ మార్కెట్‌కి వచ్చి అమ్మను ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. దారంతా ఆమె బతిమాలుతూనే ఉంది. "చెప్పకు కొడుకా. పిల్లల బడి ఈడనే ఉన్నది. మళ్ల ఇల్లు యాడ దొరుకుతది?"

నేను వినలేదు. ఖాలా ముందు నిలబడి అంతా చెప్పేశాను. తమ్ముడు లేడు, అమ్మ ఉండేది మాతోనే, మేము ఐదుగురం. వద్దంటే నెలాఖరుకు ఖాళీ చేస్తామన్నాను.

ఖాలా అమ్మ చేతిలోని సంచి వైపు చూసింది.

"తమ్ముడే లేడా?"

"లేడు, ఖాలా."

"యా అల్లా. నేను వాన్ని మస్తు తిట్టుకుంట ఉన్న. చీర పెట్టుకొని పోయిన తల్లిని ఒక్క రాత్రి కూడ ఉంచుకోకుండ సాయంత్రానికే పంపిస్తడు, గిదేం కొడుకు అని. ఇంక వాని దగ్గరికి పోకు, ఈడనే ఉండిపో అని నేనే చెప్దామనుకుంటున్న."

అమ్మ చేతిలోంచి సంచి లాక్కుని తన మంచం మీద పడేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇన్ని దినాలు తిట్టిన తిట్లన్ని ఇప్పుడు ఎవరికియ్యాలె, చెప్పు?"

"నాకే ఇయ్యి, ఖాలా" అన్నాను.