కేకలక్క గాజులు

డబ్బింగ్ స్టూడియోలో అందరూ ఆమెను కేకలక్క అంటారు. తెర మీద ఏ హీరోయిన్ దెయ్యాన్ని చూసి జడుసుకున్నా, ఆ అరుపు ఈమెదే. ఇంట్లో మాత్రం పిల్లల్ని కూడా గట్టిగా పిలవదు. మైకు ముందుకు వెళ్లేముందు గాజులు తీసి సౌండ్ ఇంజినీరు బల్ల మీద పెడుతుంది. "ఈ కాలం దెయ్యాలకి ఓపిక లేదు తమ్ముడూ. వచ్చీరాగానే మీద పడతాయి. మంచి దెయ్యం ముందు మనల్ని కాసేపు చూస్తుంది" అని సణుగుతుంది.

నిన్న ఆమె అరిచాక ఇంజినీరు రికార్డింగ్ వినిపించాడు. అరుపు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా గాజులు గలగలమన్నాయి. "గాజులు తీయలేదా అక్కా?" అన్నాడు. ఆమె బోసి చేతులు ఎత్తి చూపించింది. గాజులు అతని మోచేతి పక్కనే ఉన్నాయి. అతను చెరిపేయబోతే ఆమె ఆపింది.

"ఉంచెయ్. ఈవిడకి ఓపిక ఉంది."