ఉంచమన్నది ఒక్క పేరే

కింద పనిచేసేవాళ్లు చిన్న పొరపాటు చేసినా కడిగి పారేస్తానని ఆఫీసులో అందరూ నాకు జడుస్తారు. అలాంటిదాన్ని, ఆ రోజు ఇంటర్వ్యూ గదిలో నోరు మెదపలేకపోయాను.

వచ్చిన అమ్మాయి కొండాపూర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఇదివరకు ఎక్కడా పనిచేయలేదు. పని వచ్చు అని చూపించడానికి ఆమెకున్నది తాను రాసిన కోడ్ ఒక్కటే. ఫోన్ తెరమీద తెలుగు ఒత్తులు విరిగిపోకుండా చూసే కోడ్ అది. నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చేసింది.

"అమ్ముకునే యాప్‌లల్లనైనా వాడుకోవచ్చు సార్. నా పేరు, షరతులు రాసిన లైసెన్స్ ముక్క దాంతోపాటే ఉంచాలె, గంతే," అంది.

నా పక్కనున్న మా మేనేజర్ వంగి చూశాడు. "ఏందమ్మా, ఇది మా యాప్‌ల కోడ్ గదా! మాది కాపీ కొట్టి మాకే చూపిస్తున్నవా?" అంటూ మా ఫైలు తెరిచి ఆమెకు చూపించాడు. పైన మా కంపెనీ పేరు మాత్రమే ఉంది.

ఆ పేరు పెట్టించింది నేనే. రిలీజ్ హడావుడిలో నెట్ నుంచి ఆమె కోడ్ తెచ్చి కలిపేసి, అన్ని ఫైళ్ల మీదా మా కంపెనీ పేరు కొట్టించాను. ఎవరెవరి కోడ్ వాడామో చెప్పే లైసెన్సుల పేజీ యాప్‌లో ఉంటే, దాన్ని కూడా, ఎవడు చదువుతాడులే అని తీయించేశాను.

"లేదు సార్, అమ్మతోడు, నేనే రాసిన," అంటూ ఆమె నా వైపు చూసింది. ఆడదాన్ని కదా, నేనైనా నమ్ముతాననుకుందేమో. ఒక్క మాట అంటే సరిపోయేది. రాబోయే ప్రమోషన్ గుర్తొచ్చింది. ఛీ, మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. ఆమె లాప్‌టాప్ మూసుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె లిఫ్టు దిగిపోయాక మేనేజర్‌కు నిజం చెప్పాను. "అరే, జర ముందు చెప్పొచ్చు గదా! లీగల్ వాళ్లకు తెలిస్తే పరేషాన్ అయితది," అన్నాడు. ఆయన ఫికరు ఆయనది. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాతి అప్‌డేట్‌లో లైసెన్సుల పేజీ మళ్లీ పెట్టించాను, ఆమె పేరుతో సహా. ఆమెకు ఫోన్ చేసి చేసిందంతా చెప్పాను, క్షమించమన్నాను. "మళ్లీ రామ్మా. సార్ ఒప్పుకున్నారు, ఈసారి ఉద్యోగం నీదే," అన్నాను.

"పేరు పెట్టిన్రు గదా మేడం, చాలు," అంది. "ఉద్యోగానికైతే నేను రాను. సార్ తెల్వక అన్నరు. మీకైతే తెలుసు గదా."