వాసన పోలే, మన ముక్కు పోయింది

"రూత్ లేదే."

నిన్న సాయంత్రం మా క్లాస్‌మేట్ మానస ఫోన్ చేసి అన్న మాట ఇది.

"ఇంకా ఎక్కలేదే. ముందు స్టాప్‌ల ఎక్కుతది. సీటు ఆపిన," అన్నాను నేను.

నిజంగానే పక్క సీటు మీద చున్నీ పరిచి కూర్చున్నాను. చేవెళ్ల బస్సులో రోజూ ఇంతే. కాలేజీ దగ్గర నేను ముందు ఎక్కి సీటు ఆపుతాను. దారిలో, తను ట్రైనింగ్ చేసే ఫ్యాక్టరీ దగ్గర, రూత్ ఎక్కుతుంది. తను మొయినాబాద్‌లో దిగి వాళ్లూరు ఎంకపల్లికి ఆటో పట్టుకుంటుంది, నేను చేవెళ్ల దాకా వెళ్తాను.

అవతల మానస ఏడుస్తోంది. అప్పుడు అర్థమైంది, అది ఏ "లేదో".

టైపింగ్‌లో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. రూత్, నేను ఎమ్మెస్సీ కెమికల్ టెక్నాలజీ. రెండేళ్ల కోర్సు, ఇది లాస్ట్ సెమిస్టర్. ఫ్యాక్టరీలో ట్రైనింగ్ చేస్తేనే డిగ్రీ చేతికి వస్తుంది. క్లాసును రెండు బ్యాచ్‌లు చేశారు. రూత్, మానస ఫస్ట్ బ్యాచ్. నేను సెకండ్.

నేను వెళ్లాల్సింది అదే ఫ్యాక్టరీకి. ఈ సోమవారం నుంచి.

రూత్ ముక్కు గురించి మా క్లాసులో ఎవరిని అడిగినా చెప్తారు. నా టిఫిన్ బాక్స్ మూత తీయకముందే, "మల్లా గోకరకాయేనానే? మీ అమ్మకు వేరే కూర రాదా?" అనేది. ఏ మిశ్రమంలో ఏముందో చెప్పే మెషిన్ మా ల్యాబ్‌లో ఒకటుంది, జీసీ అంటాం. రూత్‌ను నడిచే జీసీ అని ఏడిపించేవాళ్లం.

ఫస్ట్ సెమ్‌లో ఒకరోజు ల్యాబ్‌లో గ్యాస్ ట్యూబ్ ఊడిపోయింది. హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు కంపు. అందరం దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాం.

నా ఫోన్ లోపలే ఉండిపోయింది. కాసేపటికి తలుపు దగ్గరికి వెళ్లి వాసన చూశాను. ఏమీ లేదు.

"వాసన పోయిందే. పా లోపటికి," అన్నాను.

రూత్ నా చున్నీ పట్టుకుని వెనక్కి గుంజింది.

"వాసన పోలే. మన ముక్కు పోయింది. సప్పుడుజెయ్యక నిలవడు."

ఆ గ్యాస్ గుణమే అది. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, ఇక ఏ వాసనా తెలియదు. ఇక లేదులే అనుకున్నప్పుడే అసలు ప్రమాదం.

ఆ తర్వాత అదే మా ఊతపదం అయిపోయింది. ఎగ్జామ్ అంటే భయం పోయిందని ఎవరైనా అంటే చాలు, "భయం పోలే, నీ ముక్కు పోయింది," అని రూత్ నవ్వేది.

నిన్న ఏం జరిగిందో మానస చెప్పింది. ఫ్యాక్టరీలో వాడిన నీళ్లు చేరే గుంత ఒకటుంది. పొద్దున అక్కడ అదే కుళ్లిన గుడ్డు కంపు బాగా కొట్టిందట. మధ్యాహ్నానికి తగ్గిందట. ఆపరేటర్ యాదయ్య అన్న, "వాసన పోయింది, ఏం గాదు," అని నిచ్చెన వేసుకుని దిగాడు.

"వద్దన్నా, ఎక్కు, ఎక్కు!" అని రూత్ అరుస్తూనే ఉందట. ఆయన పడిపోయాడు.

అందరూ మాస్కుల కోసం పరిగెత్తారు. అవి వచ్చేలోపు రూత్ ఊపిరి బిగబట్టి దిగింది. ఆయన నడుముకు తాడు కట్టింది. పైనున్నవాళ్లు లాగారు. తాడు మళ్లీ కిందికి వేసేసరికి తను పడిపోయి ఉంది.

యాదయ్య అన్న దవాఖానలో కళ్లు తెరిచాడట. రూత్‌ను మట్టిలో పెట్టి ఇప్పుడే వచ్చాను.

ఎంకపల్లిలో ఎవరో అంటున్నారు, "ఇంత సదివిన పిల్లకు ఆ మాత్రం దెల్వదా?" అని. ఒళ్లు మండిపోయింది. తెలుసు. మా క్లాసు మొత్తంలో తనకే బాగా తెలుసు.

నాకు భయం కూడా అందుకే. తెలియక పోయి ఉంటే, నేను జాగ్రత్తగా ఉంటాలే అని ధైర్యం చెప్పుకునేదాన్ని. తను తెలిసే దిగింది. రేపు నా కళ్ల ముందు ఒక మనిషి పడిపోతే నేను దిగుతానా, పైనే నిలబడిపోతానా?

రూత్ వాళ్లమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ తోటలో పనిచేస్తుంది. నా చెయ్యి వదలలేదు.

"దాని ముక్కు గట్టిదాయె గద బిడ్డా. జర వాసనన్న రాలేదా దానికి?"

"రాదమ్మా. అది రాదు," అన్నాను.

వచ్చేటప్పుడు బస్సులో అలవాటుగా పక్క సీటు మీద చున్నీ వేశాను. మొయినాబాద్‌లో నా వెనకే ఎక్కిన ఒక అవ్వ అడిగింది, "ఎవలన్న ఉన్నరా బిడ్డా?" అని.

"లేరవ్వా. కూసో."

చున్నీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

నిన్నటి నుంచి అన్నీ వాసన చూస్తున్నాను. అన్నం ఉడుకుతుంటే, బస్సు డీజిల్ కంపు కొడుతుంటే ప్రాణం లేచివస్తోంది. ఏ వాసనా రాకపోతే కిటికీ దగ్గరికి పరిగెత్తుతున్నాను.

"సదువు బోతే బోయింది, సోమారం నువ్ పోవద్దు," అంటోంది అమ్మ. బాపు తలుపు దగ్గరే కూర్చున్నాడు.

వెళ్తాను. చాలా భయంగా ఉంది, అయినా వెళ్తాను. ఆ గుంత దగ్గర నాకు భయం పోయిందని ఎప్పుడైనా అనిపిస్తే మాత్రం, రూత్, నువ్వు నా చున్నీ గుంజినట్టే అనుకుని బయటికి వచ్చేస్తాను.

నీ ప్రభువు దగ్గర మంచి గాలి ఉండాలి రూత్. నిమ్మళంగా పడుకో.

ఇక ఊపిరి బిగబట్టకే.